దిగకముందు లోతు

దిగితేగాని లోతు తెలియదంటారు పెద్దలు. ఆ మాట వింటే ఎలీయాజరు మాస్టారికి ఒళ్ళు మండుతుంది. మునిగాక లోతు ఎవడికైనా తెలుస్తుందండీ, దిగకముందు తెలుసుకోవాలిగానీ అంటారాయన. ఆయన మంటకి కారణం లేకపోలేదు. కొడుకు బాబీని హైదరాబాదు పంపి, పేరున్న యూనివర్సిటీలో ఫైనాన్స్ మాస్టర్స్‌లో చేర్చారు. రెండో సెమిస్టర్ సగంలో ఉండగా హాస్టల్ నుంచి ఫోను వచ్చింది. మీ అబ్బాయి కొన్నాళ్ళుగా గది తలుపు తీయడం లేదు, తిండి మానేశాడు, వచ్చి తీసుకెళ్ళండి అన్నారు. మాస్టారు వెళ్ళి పిల్లాణ్ణి రైలెక్కించి గుండుగొలను తెచ్చుకున్నారు.

ఇంటి ముందు ఆటో దిగిన బాబీ తలెత్తి ఎవరినీ చూడలేదు. ఏమైంది నాన్నా అని తల్లి సరోజ గడ్డం పట్టుకుని అడిగితే మాట లేదు. ఊరు ఊరుకుంటుందా? చదువెక్కువై మతి పోయిందని ఒకరు, హైదరాబాదులో ఎవరో ఏదో పెట్టేశారని ఒకరు, తలా ఓ మాట అన్నారు. కొన్నాళ్ళకి బాబీ తనంతట తానే లేచి, కొల్లేరు వైపు ఎవరివో చేపల చెరువుల మీద మేత కట్టించే పనికి కుదిరాడు. పొద్దున్నే వెళ్తాడు, సాయంత్రం వస్తాడు, పెట్టింది తింటాడు. ఆదివారం కూడా చెరువుకే గానీ చర్చికి రాడు.

ఆ రోజు నుంచి ఆ ఇంట్లో ఫైనాన్స్ అనే మాట నోటితో అనకూడదు. హైదరాబాదు అనకూడదు. పొద్దున పేపరు రాగానే సరోజ వ్యాపారం పేజీ తీసి మడత పెట్టి బియ్యం డబ్బా కింద దాచేస్తుంది. టీవీలో షేర్ల వార్త వస్తే మాస్టారు దగ్గుతూ చానల్ మార్చేస్తారు. పిల్లాడి మనసు నొచ్చుకోకూడదని వాళ్ళ బాధ. అడగకపోతే మానుతుందనుకున్నారు.

అలాంటి ఇంట్లో ఆడపిల్ల కెజియా, అదే యూనివర్సిటీకి, అదే కోర్సుకి అప్లికేషన్ పెడతానంది. సోమవారం ఆఖరు రోజు.

కెజియా బీకాం పూర్తి చేసి ఏలూరులో ఒక ఆడిటర్ గారి ఆఫీసులో పని చేస్తోంది. అంకెలంటే ఆ పిల్లకి ఇష్టం. ఒకసారి ఒక మేత కంపెనీ లెక్కలు చూస్తూ, పైకి లాభం కనిపిస్తోందిగానీ లోపల చేతిలో ఆడే డబ్బు లేదండి, ఇది ఎక్కువకాలం నిలబడదు అంది. ఆడిటర్ గారు కళ్ళద్దాలు సర్దుకుని మళ్ళీ చూశారు. ఇక్కడ కూర్చుని ఎంతకాలం రిటర్నులు వేస్తావమ్మా, పై చదువు చదువు అని అప్పటి నుంచి ఒకటే పోరు. ఆ పోరు కెజియా మనసులోనూ ఉంది. దాని పక్కనే భయం కూడా ఉంది. ఆశ ఓ గుప్పెడుంటే భయం గంపెడు.

మాస్టారు కాదనలేదు, ఔననలేదు. పిల్లని వరండాలో కూర్చోబెట్టి తన పద్ధతిలో చెప్పారు. అన్నయ్య విషయంలో దిగాక తెలిసింది, ఈసారి ముందే చూద్దాం. ఎంత కష్టమో తెలిసినవాళ్ళని అడుగు, నీకు నువ్వు పరీక్ష పెట్టుకో, ఆదివారంలోగా నాకు చెప్పు, నీవల్ల కాదనిపిస్తే మానెయ్, నేనేమీ అనుకోను అన్నారు. బాగానే ఉంది. చంకలో బిడ్డని పెట్టుకుని ఊరంతా వెతికినట్టు, ఆ కోర్సులో కూర్చుని వచ్చినవాడు ఇంట్లోనే ఉండగా వాణ్ణి అడగమని మాత్రం ఆయన అనలేదు, పిల్లా అనుకోలేదు.

మొదట కెజియా ఆ యూనివర్సిటీ పాత ప్రశ్నపత్రం ఒకటి ఫోన్లో సంపాదించి ఆఫీసులో మధ్యాహ్నం భోజనం వేళ ముందు పెట్టుకుంది. బ్యాలెన్స్ షీటు మీద వచ్చిన ప్రశ్న చేయగలిగింది. కంపెనీ విలువ కట్టమన్నది సగం చేసింది. ఆ తర్వాత పేజీ తిప్పింది. గ్రీకు అక్షరాలు, కాలిక్యులస్, సంభావ్యత. ఒక్క వాక్యం అర్థం కాలేదు. అది ఏ భాషో, అసలు తనని అడిగేదేమిటో కూడా తెలియలేదు. క్యారేజీ విప్పి చూస్తే అన్నం మీదికి మనసు పోలేదు, మళ్ళీ మూత పెట్టేసింది.

మూత పెట్టాక గుండెల్లో రాయి పడింది. అన్నయ్య కూడా ఇలాగే కదా అన్నం మానేశాడు! ఇలాగే మొదలైందా అతనికి? ఆ సాయంత్రం బస్సులో కిటికీ పక్కన కూర్చుని తన లక్షణాలు తనే చూసుకుంది. ఆకలి లేదు. పక్కావిడ పలకరిస్తే జవాబు చెప్పబుద్ధి కాలేదు. ఇంటికి వెళ్ళి బలవంతాన రెండోసారి వడ్డించుకుని తింది. సరోజ చూసి ఏంటే ఇవాళ ఇంత ఆకలి అని మురిసిపోయింది.

తర్వాత సెలవు రోజున తాడేపల్లిగూడెం వెళ్ళింది. అక్కడ సత్యనారాయణమూర్తి గారని స్టాటిస్టిక్స్ చెప్పి రిటైరైన లెక్చరర్ ఉన్నారు, మాస్టారికి పాత పరిచయం. ఆయన పిల్లని వరండాలో కూర్చోబెట్టి, సంభావ్యత మీద ఒక పాఠం చేతిలో పెట్టి, చదువు అని లోపలికి వెళ్ళిపోయారు. చాలాసేపటికి వచ్చి, అర్థమైంది చెప్పమనలేదు, ఏది అర్థం కాలేదో చూపించమన్నారు. కెజియా ఇక్కడ, ఇక్కడ, ఇదిగో ఇక్కడి నుంచి అసలేమీ లేదండి అని వేలు పెట్టి చూపించింది. ఆయన తలూపారు.

ఆయన ముఖస్తుతి మనిషి కాదు. ఉన్నది ఉన్నట్టు చెప్పారు. కామర్స్ చదివి వచ్చినవాళ్ళకి ఆ కోర్సు మొదట్లో చుక్కలు చూపిస్తుంది, ఇంజనీరింగ్ పిల్లలు పక్కన కూర్చుని గబగబా చేసేస్తుంటే నీకు ఏడుపొస్తుంది, చేరకముందే లెక్కలు మొదలెట్టి రోజూ కూర్చుంటే గట్టెక్కుతావు, కూర్చోకపోతే లేదు. అంతా చెప్పి, చివర్లో మామూలుగా అడిగారు.

"మీ అన్నయ్య చదివేడు కదమ్మా అది. అతనేమన్నాడు?"

"అన్నయ్యకి తీరిక లేదండి," అంది కెజియా. చెప్పాక ఆమె మొహం ఎర్రబడింది. ఆయన ఇంకేమీ రెట్టించలేదు.

బస్టాండుకి వచ్చి బెంచీ మీద కూర్చుని రమ్యశ్రీకి ఫోన్ చేసింది. రమ్యశ్రీది ఉండి అనే ఊరు. ఆ కోర్సు పూర్తి చేసి హైదరాబాదులో ఉద్యోగం చేస్తోందని, అడిగితే చెబుతుందని ఆఫీసులో ఎవరో నంబరిచ్చారు. మాటల పుట్ట ఆ అమ్మాయి. కష్టమేం లేదండి, అందరూ పాసవుతారు అని మొదలుపెట్టి, నేను మాత్రం బాత్రూములో కూర్చుని ఏడ్చిన రోజులున్నాయండి అని నవ్వింది. ఇంతకీ మీదే ఊరని అడిగింది. గుండుగొలను అనగానే ఆ నవ్వు ఆగిపోయింది.

"బాబీ చెల్లెలివా నువ్వు? మేమిద్దరం ఒకే బ్యాచ్. ఎలా ఉన్నాడు? పాపం, ఒక్క సబ్జెక్టే కదా పోయింది అతనికి."

కెజియాకి అర్థం కాలేదు. ఒక్క సబ్జెక్టా అని అడిగింది. అవునంది రమ్యశ్రీ. మొదటి సెమిస్టర్‌లో ఆ పేపరు క్లాసులో సగం మందికి పోయిందట. తనకీ పోయిందట. ఇంటికి ఫోన్ చేసి ఏడిస్తే వాళ్ళ నాన్న సర్లే, మళ్ళీ రాద్దువుగాని, చెరువులో వల వేశారు, తర్వాత మాట్లాడతా అని పెట్టేశాడట. మళ్ళీ రాసింది, పాసైంది. మార్కులొచ్చిన కొద్ది రోజుల నుంచే బాబీ మాత్రం క్లాసుకి రాలేదు. మిగతా వాటిలో అతనికే మంచి మార్కులు అని కూడా చెప్పింది.

ఫోన్ పెట్టేశాక కెజియా వచ్చిన బస్సు ఎక్కకుండా అలాగే కూర్చుండిపోయింది. ఇన్నాళ్ళూ ఆ చదువే పెద్ద పులి, అన్నయ్యని అదే మింగిందనుకుంది. ఇప్పుడు చూస్తే పులి అది కాదు. మరి ఏది? పదిమందికి పోయిన పేపరే పోయింది, పదిమందీ లేచి నడిచారు, తన అన్నయ్య ఒక్కడే పడిపోయాడు. అంటే లోపం చదువులో లేదు, తమ ఇంట్లోనే, తమ రక్తంలోనే ఉందా? అదే రక్తం తనలోనూ ఉంది కదా! లెక్కలకైతే పుస్తకం ఉంది, నేర్చుకోవచ్చు. దీనికేం చేయాలి? మానేద్దామని నిశ్చయించుకునే ఆమె ఆ రోజు ఇల్లు చేరింది.

మానేస్తున్నానని చెప్పేలోపే ఇంట్లో ఇంకో కథ నడిచింది. శుక్రవారం చర్చిలో ఆడవాళ్ళ ఉపవాస కూడిక. సరోజ దొడ్డ మనిషేగానీ నోట్లో నువ్వుగింజ నానదు. అమ్మాయి హైదరాబాదు చదువుకి పెడుతోంది, ప్రార్థన చేయండమ్మా అంది. అక్కడితో ఆగితే బాగుండేది. వాళ్ళ సంఘంలో ఎవరికి సీటొచ్చినా, ఉద్యోగమొచ్చినా కృతజ్ఞతా కూడిక పెట్టి, షామియానా వేసి, అందరికీ కోడికూర భోజనం పెట్టడం ఆనవాయితీ. ఈ మధ్య కొందరు ఇంకో అడుగు ముందుకేసి, రాకముందే వచ్చినట్టు నమ్మి స్తోత్రం చెల్లిస్తున్నారు. సరోజ కూడా అదే మొక్కుకుని వచ్చింది. ఈ ఆదివారం పాస్టరు జేమ్స్ అయ్యగారు ఆరాధనలో కెజియా పేరు చెబుతారు, పై ఆదివారం భోజనాలు.

మాస్టారు విని నెత్తి కొట్టుకున్నారు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగమా అన్నారు. సరోజ ఆ మాటకి కోపం తెచ్చుకోలేదు. కూర్చుని చీర కుచ్చిళ్ళు సవరించుకుంటూ మెల్లిగా చెప్పింది.

"బాబీకి సీటొచ్చాక చేశామండి. ఆలస్యమైపోయింది, అందుకే దిష్టి తగిలింది. దీనికి ముందే చేసేస్తే ఏ కీడూ దగ్గరికి రాదు. నాకు భయంగా ఉందండి, నన్ను చేసుకోనివ్వండి."

అలా అన్నాక మాస్టారు మాత్రం ఏమంటారు? కెజియాకి మానేస్తానన్న మాట గొంతులోనే ఆగిపోయింది. ఎల్లుండి అయ్యగారు పేరు చెప్పేస్తారు. ఆ తర్వాత అప్లికేషన్ పెట్టకపోతే ఒక తప్పు, పెట్టి సీటు రాకపోతే ఇంకో తప్పు, వచ్చి అక్కడ పడిపోతే ఇక చెప్పనే అక్కర్లేదు. అందరూ చప్పట్లు కొట్టి ఒక గదిలోకి పంపి, బయట తలుపు గడియ పెడుతున్నట్టు అనిపించింది ఆమెకి. ఇంక అడగాల్సినవాణ్ణి అడగక తప్పదని అప్పుడు తోచింది.

శనివారం ఆఫీసుకి సెలవు పెట్టి, స్కూటీ తీసుకుని చెరువుల వైపు వెళ్ళింది. రోడ్డుకి అటూ ఇటూ నీళ్ళే. గట్ల మీద కొంగలు. తెలగపిండి వాసన దూరం నుంచే ముక్కుకి తగిలింది. బాబీ పడవలో నిలబడి, చిల్లులు పెట్టిన మేత సంచులు నీళ్ళలో పాతిన గెడలకి కడుతున్నాడు. చెల్లెల్ని చూసి పడవ ఒడ్డుకి తెచ్చి, అమ్మకి బాగానే ఉందా అని కంగారుగా అడిగాడు. బాగానే ఉందంది. మరి ఎందుకొచ్చినట్టు అన్నట్టు చూశాడు.

ఇన్నేళ్ళ తర్వాత ఆ మాట అంటే ఈ మనిషి ఏమైపోతాడో! మళ్ళీ తలుపేసుకుంటాడా? పక్కనే ఇంత నీరుంది, మనిషి జాడ లేని చోటు. వెనక్కి వెళ్ళిపోదామని కూడా అనుకుంది కెజియా. అనుకుంటూనే నోరు తెరిచింది.

"అన్నయ్యా, నువ్వు చదివిన కోర్సుకే పెడదామనుకుంటున్నాను. ఎంత కష్టం అది?"

తాడు పట్టుకున్న బాబీ చెయ్యి ఆగింది. తర్వాత గట్టు మీద చతికిలబడి, పక్కన చోటు చూపించాడు.

"నన్నడగడానికి ఇన్నాళ్ళు పట్టిందా మీకు?" అన్నాడు.

ఆ తర్వాత మామూలుగానే చెప్పడం మొదలుపెట్టాడు. ఏ సబ్జెక్టుకి ఏ లెక్కలు ముందే చదువుకోవాలి, ఏ సారు పాఠం వినాలి, ఏది గుంపుగా కూర్చుని చేసుకోవాలి, ఏది ఒంటరిగా తేల్చుకోవాలి, అన్నీ నిన్న చదివినట్టు చెప్పాడు. కష్టమేగానీ కూర్చుంటే వస్తుందన్నాడు. నీకైతే నాకంటే తొందరగా వస్తుందన్నాడు. ఇంట్లో పేపరు పేజీ దాస్తారని తనకి తెలుసట. చెరువు దగ్గర ఫోన్లో రోజూ అవే చదువుకుంటాడట.

"మరి నీకేమైంది అన్నయ్యా?"

"ఒకటి పోయింది. చాలామందికి పోయింది. నేనూ చెప్దామనే ఇంటికి ఫోన్ చేసేను. ఆదివారం అది. అమ్మ ఎత్తింది. అమ్మా అన్నాను. అంతే, ఇప్పుడే అయ్యగారు నీ పేరు చెప్పి పిల్లలందరి చేతా చప్పట్లు కొట్టించారు నాన్నా, నీలా చదవమన్నారు అంది. ఏడుస్తోందే, సంతోషంతో. ఊరంతా నా సీటు మీద భోజనం చేసి ఉన్నారు. అది ఎలా కక్కించనే? బాగా రాశానమ్మా అని చెప్పేసేను. ఆ తర్వాత వారం వారం ఇంకో అబద్ధం. చివరికి ఫోను మోగితేనే ఒళ్ళు వణికేది. పేపరు మళ్ళీ రాసేవాణ్ణే. ఆ ఫోను ఎత్తలేకపోయాను."

ఆ తర్వాత లేచి ప్యాంటు దులుపుకున్నాడు. అమ్మకి మాత్రం ఇది చెప్పకు, తట్టుకోలేదు అన్నాడు. మళ్ళీ పడవెక్కాడు.

తిరిగి వచ్చే దారంతా కెజియాకి అదే ఆలోచన. చెబితే అమ్మ ఏమవుతుందో. చెప్పకపోతే రేపు చర్చిలో తన పేరు మోగుతుంది, రేపటి నుంచి తనూ అన్నయ్యలాగే ఇంటి ఫోను ఎత్తలేకపోతుంది. ఇంటికొచ్చేసరికి సరోజ వంటింట్లో కూర్చుని, భోజనాలకి ఎవరెవరిని పిలవాలో తనలో తను అనుకుంటూ చిక్కుడుకాయలు ఒలుస్తోంది. మొహం వెలిగిపోతోంది. ఆ మొహం చూస్తూ ఆ మాట చెప్పడానికి కెజియాకి ప్రాణం మీదికొచ్చింది. అయినా తల్లి ఎదురుగా కూర్చుని, తల వంచుకుని, అన్న చెప్పింది చెప్పినట్టు చెప్పేసింది.

సరోజ ఏడుస్తుందనుకుంది. ఏడవలేదు. చేతిలో చిక్కుడుకాయ అలాగే ఉంది. నిజమేనే, అమ్మా అన్నాడు, ఆ పిలుపు అదోలా ఉందనిపించింది నాకు, అయినా నేనే మాట్లాడేసేను అంది. ఆ తర్వాత లేచి చేతులు కడుక్కుని అయ్యగారికి ఫోన్ చేసింది. వందనాలండి, రేపు అమ్మాయి పేరు చెప్పొద్దండి, భోజనాలూ లేవండి, దానికింకా ఏమీ రాలేదు, అది భయపడుతోందండి, మీరు మోకాళ్ళ మీదున్నప్పుడు దాని భయం కోసం ప్రార్థన చేయండి చాలు అంది. అవతల ఆయన ఏదో అడుగుతున్నారు. వందనాలండి అని పెట్టేసింది.

అప్పుడు బాబీ నంబరు నొక్కమని కూతురి చేతికి ఫోన్ ఇచ్చింది. వద్దమ్మా, చెప్పొద్దన్నాడు అని కెజియా చెయ్యి వెనక్కి లాక్కుంది. ఒంటరిగా చెరువు గట్టు మీద ఉన్నాడు, ఈ మాట విని ఏం చేసుకుంటాడో అని ఆమె ప్రాణం కొట్టుకుంది. సరోజ వినలేదు. గొంతు విని మాస్టారు గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు. కెజియా నంబరు నొక్కి, స్పీకరు పెట్టి, ఫోను పీట మీద ఉంచింది.

ఏంటమ్మా అన్నాడు బాబీ.

"నాన్నా, ఆ ఆదివారం నువ్వు ఫోన్ చేసి అమ్మా అన్నావు. తర్వాత నేను చెప్పనివ్వలేదు. ఇప్పుడు చెప్పు. నేనేం మాట్లాడను."

అన్నట్టే కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చుంది. అవతల గాలి హోరు, ఎక్కడో ఇంజను చప్పుడు. ఫోను పెట్టేశాడేమోనని కెజియా వంగి చూసింది. పెట్టలేదు. మాస్టారు గుమ్మం పట్టుకున్న చెయ్యి వదల్లేదు.

"అమ్మా," అన్నాడు చివరికి. "ఫెయిలయ్యానమ్మా."

సరోజ కొంగు తీసింది.

"అన్నం తిన్నావా నాన్నా?" అంది.

లేదన్నాడు. ఆ లేదన్నదే ఏడుపులో కలిసిపోయింది. వచ్చెయ్, వేడిగా వండుతాను అంది సరోజ. ఫోను ఆగాక కూడా ఆవిడ దానికేసే చూస్తూ కూర్చుంది. మాస్టారు కండువాతో మొహం తుడుచుకుని, పీట దగ్గరికి వచ్చి కెజియా పక్కన కింద కూర్చున్నారు. ఏం అడగాలో తెలియక, ఆదివారం అడగాల్సింది శనివారమే అడిగేశారు. ఎంత కష్టమంటావమ్మా ఆ చదువు?

"చాలా కష్టం నాన్నా," అంది కెజియా. భయం కడుపులో ఎక్కడున్నది అక్కడే ఉంది, ఏమీ తగ్గలేదు. ఆమె తండ్రికి జవాబు చెబుతోందిగానీ చూపు తల్లి మీదే ఉంది. "నేను ఫెయిలవ్వొచ్చు."

బియ్యం కడగడానికి లేచిన సరోజ గిన్నె పట్టుకుని ఆగింది.

"సరేలే," అంది. "అప్లికేషన్ పెట్టు."